మద్యమావతి అచ్చుతప్పా?

సందేహం: మా అమ్మాయి బెంగళూరులో కొత్త ఇంట్లో భోజనాల గది గోడకు కాక్‌టెయిల్ గ్లాసుల బొమ్మలు సరదాగా పటాలు కట్టించి పెట్టింది. ఒకదాని కింద ‘మద్యమావతి’, ఇంకోదాని కింద ‘పంచామృతం’ అని రాయించింది. మా వియ్యంకుడుగారు చూసి, ‘మధ్యమావతి’ అని ఉండాలి, అచ్చుతప్పు అన్నారు. ఏది ఒప్పు? వీటిని కుడ్యచిత్రాలు అనవచ్చా? కాక్‌టెయిల్‌కు తెలుగు మాట ఉందా?

సమాధానం: మీ అమ్మాయి రాయించినదే ఒప్పు. రాగం పేరు ‘మధ్యమావతి’ అన్న మాట నిజమే. కచేరీ చివర మంగళంగా పాడే రాగం అది. కానీ ఆ పటంలో ఉన్నది తంబూరా కాదు, గ్లాసు. ధకారాన్ని దకారం చేయగానే మద్యం తొంగిచూసింది. చమత్కారమంతా అక్కడే ఉంది. వియ్యంకుడుగారు చెప్పినట్టు దిద్దితే అక్షరం బాగుపడి హాస్యం పోతుంది. ఒక అక్షరమో మాత్రో జారిస్తే మరో అర్థం వచ్చే ఆటను మన పెద్దలు అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం అన్నారు. బాణుడి ‘కాదంబరి’లో శూద్రక మహారాజు పొద్దుపుచ్చే వినోదాల్లో ఇవీ ఉన్నాయి. మీ పటం ఆ కోవకు దగ్గరి చుట్టమే. కాదంబరి అన్నా ఒక మద్యమేనని అమరకోశం చెబుతుంది.

అసలు చిక్కు మామూలు రాతలో ఉంది. ‘మధ్యపానం’ అని బోర్డుల మీద కూడా కనిపిస్తుంటే బాధ కలుగుతుంది. మదం, మదిర, ఉన్మాదం పుట్టిన ‘మద్’ ధాతువు నుంచే మద్యం వచ్చింది. దీనికి ఒత్తు లేదు. మధ్యాహ్నం, మధ్యవర్తిలో ఉన్న ‘మధ్య’ వేరు. మరి ఈ పొరపాటు ఇంతగా ఎందుకు పాతుకుపోయింది? ‘మధువు’ వల్లనే అనుకుంటాను. తేనెకూ మద్యానికీ ఆ పేరుంది, దానికి ఒత్తూ ఉంది. మధుపానం ఒప్పు, మద్యపానం ఒప్పు, మధ్యపానం మాత్రం తప్పు.

కుడ్యచిత్రం అనకండి. కుడ్యం అంటే గోడ. అజంతాలోలా గోడమీదే వేసిన బొమ్మకు ఆ పేరు చెల్లుతుంది. మేకుకు తగిలించేదాన్ని పటం అనే మంచి మాట మీ ప్రశ్నలోనే ఉంది.

కాక్‌టెయిల్‌ను కాక్‌టెయిల్ అనే ఉంచండి. ‘మిశ్రమ మద్యం’ అంటే ఎక్సైజు కేసులా వినిపిస్తుంది. ‘కోడితోక’ అని విడదీయడమూ వద్దు, ఆ పేరు వెనుక చెప్పే కథలు చాలా ఉన్నాయి గానీ ఏదీ రుజువు కాలేదు. 1806లో ఒక అమెరికా పత్రిక దాన్ని వివరిస్తూ ఏదో ఒక సారా, చక్కెర, నీళ్లు, చేదు మందు కలిపినదని రాసింది.

దానికంటే పాతది పంచ్. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా దినుసులు అనే అయిదూ కలుస్తాయి కనుక మన ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని ఎక్కువగా చెప్పే మాట. దీన్ని కాదనేవారూ ఉన్నారు. తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటకు తొలి ఆధారంగా చూపేది 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకరు రాసిన ఉత్తరం. అది చేరింది పెటపోలిలోని వర్తకుడికి. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం!

ఇక ‘పంచామృతం’. తప్పు లేదు కానీ అభిషేకానికి వాడే పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదారల పేరు అది. ఇంటికి వచ్చిన పెద్దల మనసు నొచ్చుకోవచ్చు. నన్నడిగితే దాన్ని మార్చి ‘పంచధార’ అని రాయించమంటాను. చెవికి పంచదారలా వినిపిస్తుంది, కంటికి అయిదు ధారలు కనిపిస్తాయి, లోపల పంచ్ కూడా ఉంది. అయితే ఈసారి ధకు ఒత్తు తప్పకుండా పెట్టించండి.