స్టెరాల్స్ కలిపిన ఆహారం తింటే కొలెస్ట్రాల్ మాత్ర అక్కర్లేదా?

ప్రశ్న: నా వయసు 47. ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168 వచ్చింది. బీపీ, షుగర్ లేవు. నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. డాక్టర్ అటోర్వాస్టాటిన్ 10 ఎంజీ రాశారు గానీ, మొదలుపెడితే జీవితాంతం వాడాలంటారని భయపడి ఇంకా వేసుకోలేదు. మాంసం, గుడ్లు మానేసి మూడు నెలలైంది. ప్లాంట్ స్టెరాల్స్ కలిపిన పెరుగు, స్ప్రెడ్ వాడితే కొలెస్ట్రాల్ తగ్గుతుందని చదివాను. మాత్ర బదులు ఇవి వాడొచ్చా? అసలు కొలెస్ట్రాల్ ఉన్న తిండే తిననప్పుడు ఇవి పనిచేస్తాయా?

జవాబు: పనిచేస్తాయి. కానీ మాత్ర చేసేంత పని చేయవు.

ముందు మీ రెండో సందేహం తీరుస్తాను. పేగుల్లోకి చేరే కొలెస్ట్రాల్‌లో తిండి నుంచి వచ్చేది తక్కువ. ఎక్కువ భాగం కాలేయం పైత్యరసంతో పాటు వదిలేదే. మొత్తంలో సుమారు సగం మళ్లీ ఒంట్లోకి చేరుతుంది. గుడ్లు మానేసినా ఈ రాకపోకలు ఆగవు. స్టెరాల్స్ అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. మొక్కల్లో ఉండే ఈ పదార్థాల నిర్మాణం దాదాపు కొలెస్ట్రాల్‌లాగే ఉంటుంది. కొలెస్ట్రాల్ పేగు గోడ దాకా చేరాలంటే పైత్యలవణాలతో ఏర్పడే అతి చిన్న కణికల్లోకి ఎక్కాలి. స్టెరాల్స్ ముందే కర్చీఫ్ వేసి ఆ సీట్లు ఆపేస్తాయి. చోటు దొరకని కొలెస్ట్రాల్ మలంతో బయటికి పోతుంది. స్టెరాల్స్ మాత్రం రక్తంలోకి చాలా కొద్దిగానే వెళ్తాయి.

ఇక ఎంత తగ్గుతుందన్నది చూద్దాం. రోజుకు 1.5 నుంచి 3 గ్రాములు తీసుకుంటే రెండు మూడు వారాల్లో ఎల్‌డీఎల్ 7 నుంచి 12 శాతం దాకా తగ్గుతుంది. 3 గ్రాములు దాటితే అదనంగా ఒరిగేది పెద్దగా లేదు. పేగుల నుంచి వచ్చేది తగ్గగానే కాలేయం సొంత తయారీ పెంచుకోవడం ఇందుకు ఒక కారణం. మీ రిపోర్టుకే లెక్క వేద్దాం. పది శాతం తగ్గితే 168 కాస్తా 151 దగ్గరికి వస్తుంది. మీకు రాసిన 10 ఎంజీ మాత్ర మామూలుగా 35 శాతం పైనే తగ్గిస్తుంది, అంటే 110 దగ్గరికో, ఇంకా కిందికో వస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. స్టాటిన్లు, అంటే మీకు రాసిన అటోర్వాస్టాటిన్ రకం మందులు, గుండెపోట్లను తగ్గిస్తాయని పెద్ద పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. స్టెరాల్స్ ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తాయన్నది రుజువైనా, గుండెపోట్లు తగ్గినట్టు చూపిన అధ్యయనం లేదు.

జీవితాంతం వాడాలన్న భయం మీదే మాత్రను పక్కన పెట్టారు. స్టెరాల్స్‌కూ అదే షరతు వర్తిస్తుందమ్మా. రోజూ తినాలి, మానేస్తే కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్లీ పాత అంకెకు వస్తుంది.

మీ నాన్నగారికి 55 ఏళ్ల లోపే గుండెపోటు వచ్చిందన్న ఒక్క మాట మీ రిపోర్టులోని అంకెల కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. ఈ సంగతి మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోకపోతే అదీ చేయించండి, థైరాయిడ్ మందగించినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అది మామూలుగానే ఉండి, డాక్టర్ మాత్రే మంచిదంటే టెన్షన్ పడకుండా మొదలుపెట్టండి. ఒంటినొప్పులు వస్తే మీ అంతట మీరు ఆపేయకుండా వెళ్లి చెప్పండి. మందు మార్చడానికో, మోతాదు తగ్గించడానికో వీలుంటుంది.

మాత్రతో పాటు స్టెరాల్స్ కూడా వాడొచ్చు. నిజానికి వాటికి మంచి స్థానం అదే. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. స్టెరాల్స్ తోడైతే దాదాపు అంతో, ఇంకాస్త ఎక్కువో కలిసొస్తుంది.

వాడే పద్ధతిలోనే చాలామంది పొరబడతారు. నా దగ్గరికి వచ్చే ఒకాయన స్టెరాల్ డ్రింక్‌ను రోజూ పొద్దున్నే పరగడుపున, మందులా తాగేవారు. మూడు నెలలైనా రిపోర్టులో మార్పు లేదు. తిండి పడితేనే పైత్యరసం బాగా ఊరుతుంది, అప్పుడే స్టెరాల్స్‌కు పని. మధ్యాహ్నం భోజనంతో తాగమన్నాక తర్వాతి పరీక్షలో తేడా కనిపించింది.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. స్టెరాల్స్ 2 గ్రాములు అందాలంటే రోజుకు ఎంత తినాలో లెక్క చూసుకోండి. కొన్నిటి మీద ‘స్టెరాల్ ఎస్టర్స్’ అని ఉంటుంది. 1.3 గ్రాముల ఎస్టర్స్‌లో అసలు స్టెరాల్ దాదాపు 0.8 గ్రాములే. చక్కెర కలిపిన పెరుగైతే వద్దు. స్ప్రెడ్‌ను మీరు వాడే వెన్న బదులు రాసుకోండి, వెన్నతో పాటు కాదు. గింజల్లో, నూనెల్లో, పప్పుల్లో స్టెరాల్స్ సహజంగానే ఉంటాయి, అవి తినడం మంచిదే. కానీ మామూలు తిండి నుంచి రోజుకు అందేది సుమారు 300 మిల్లీగ్రాములు మాత్రమే.

స్టెరాల్స్ వాడితే రక్తంలో బీటా కెరోటిన్ కొంత తగ్గుతుంది కాబట్టి క్యారెట్, ఆకుకూరలు రోజూ ఉండేలా చూసుకోండి. ఈ ప్యాకెట్లు ఇంట్లో అందరికీ పెట్టకండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఐదేళ్లలోపు పిల్లలకు ఇవి తగవు. సైటోస్టెరోలీమియా అనే అరుదైన జన్యు సమస్య ఉన్నవాళ్ల ఒంట్లో స్టెరాల్స్ పేరుకుపోతాయి, వాళ్లు అస్సలు ముట్టకూడదు.

మాత్ర, స్టెరాల్స్ రెండూ ఒకే రోజు మొదలుపెట్టకండి. ముందు మాత్ర వేసుకుని, రెండు నెలలకు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించండి. ఇంకా తగ్గాలని డాక్టర్ అంటే అప్పుడు స్టెరాల్స్ చేర్చి, మరో రెండు నెలలకు మళ్లీ చూడండి. భోజనంతోనే తీసుకున్నా అంకె కదలకపోతే వాటి మీద డబ్బు పెట్టడం ఆపేయండి.