జొన్నగిరి ప్లాంట్ చూసి పాప మైనింగ్ అంటోంది, ఏ బ్రాంచ్ తీసుకోవాల?

అన్నా, పత్తికొండ నుంచి మీరు పెట్టిన ప్రశ్న చదివినా. పాపకి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, జొన్నగిరి బంగారం ప్లాంట్ చూసినప్పటి నుంచి ఆ వేస్ట్‌ని నిలవ చేసే చెరువులు డిజైన్ చేసే పని నేర్చుకుంటా అంటోంది, ఆడపిల్లకి ఇది కుదురుతుందా అని కదా మీరు అడిగేది. కుదురుతుంది, నన్నడిగితే మన సీమ పిల్లలే రావాల ఈ పనిలోకి.

ఎందుకంటే చానా గనుల్లో టన్ను రాయికి బంగారం ఒకటి రెండు గ్రాములే. రెండు అనుకున్నా పది గ్రాముల గొలుసుకి ఐదు టన్నుల రాయి పిండి చేయాల, సైనైడ్ అనే విషంతో దాంట్లోని బంగారం తీసినాక ఆ పిండంతా సైనైడ్ కలిసిన బురదగా మిగుల్తుంది, టెయిలింగ్స్ అంటారు దాన్ని. సైనైడ్ విషాన్ని రసాయనాలతో విరగ్గొట్టి, కింద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి, చుట్టూ కట్ట కట్టి ఆపాల. ప్లాంట్ మూతపడినా బురద ఎక్కడికీ పోదు. కోలార్ గనులు 2001లోనే మూసేసినారు, ఆ సైనైడ్ దిబ్బలు ఇప్పటికీ ఊరి పక్కనే ఉండాయి.

రొమేనియాలో బయా మారే అనే చోట 2000 జనవరిలో వాన నీళ్ళు, కరిగిన మంచు ఎక్కువై ఇట్లాంటి చెరువు కట్ట తెగింది, దగ్గర దగ్గర లక్ష ఘనపు మీటర్ల విషం నీళ్ళు నదుల్లో కలిసి హంగరీ దాకా చేపలు చచ్చినాయి. మనది కరువు సీమ, వాన యాడుంది అనుకుంటాం గానీ 2009 అక్టోబర్లో కర్నూలు మునిగిపోలేదా అన్నా? ఎప్పుడో వచ్చే అట్లాంటి వానకి కట్ట ఎంత ఎత్తుండాల, నీళ్ళు ఏ దారిన పోవాల, కింద ఊట బోర్లలోకి దిగకుండా ఎట్లా అని లెక్క తేల్చేదే ఈ ఇంజనీర్ పని.

దీనికి మైనింగ్ బ్రాంచే అక్కర్లేదు. సివిల్ బీటెక్ చేసి, గేట్‌లో సివిల్ పేపర్ రాసి, జియోటెక్నికల్‌లో (మట్టి, కట్టల బలం లెక్కగట్టే చదువు) ఎంటెక్ చేస్తే సరిపోతుంది. కెమిస్ట్రీ ఇష్టమైతే కెమికల్ తీసుకుని సైనైడ్ విరగ్గొట్టే వైపు పోవచ్చు, జేఎన్‌టీయూ అనంతపురంలో రెండు బ్రాంచిలూ ఉండాయి. డిజైన్ పని ఎక్కువగా ఆఫీసులోనే, అప్పుడప్పుడు సైట్‌కి పోవాల.

ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, జొన్నగిరిలోనే ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకోవద్దండి, ఒక ప్లాంట్‌కి ఇట్లాంటి ఇంజనీర్లు కొద్దిమందే చాలు. కానీ ఈ చదువే రిజర్వాయర్ కట్టలకి, థర్మల్ బూడిద చెరువులకి కూడా పనికొస్తుంది. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో కంప్యూటర్స్ కింద ఎక్కడో కాకుండా సివిల్‌ని పైన పెట్టించండి.