చెప్పమ్మా, చెప్పండమ్మా, చెప్పండి మేడమ్

సందేహం: గాజువాకలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే షాపులో పనిచేస్తున్నాను. సగం రోజు కౌంటర్లో, సగం రోజు ఫోన్లో. ఆడవాళ్లని ఏమని పిలవాలో తెలియక రోజూ టెన్షనే. 'అమ్మా' అంటే 30 ఏళ్లావిడ ఒకరు "నీకు అమ్మలా కనిపిస్తున్నానా?" అని అడిగారు. 'ఆంటీ' అన్నందుకు ఇంకొకావిడ మేనేజర్‌కి కంప్లయింట్ చేశారు. మేనేజరేమో అందరినీ మేడమ్ అనమంటారు. తెలుగులో దీనికి సరైన మాటే లేదా? 'మేడమ్‌గారు' అనొచ్చా?

సమాధానం: మాటలు లేక కాదండి, ఉన్న మాటను మనమే పాడుచేసుకోవడం వల్ల వచ్చింది మీ ఇబ్బంది. ముందు ఆంటీ సంగతి చూద్దాం. లాటిన్లో 'అమిత' అంటే తండ్రి తోబుట్టువు, అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి 'ఆంట్' అయి వచ్చింది. అంటే అసలు అర్థం మేనత్త. ముక్కూ మొహం తెలియని మనిషిని మేనత్తా అని పిలిస్తే ఆవిడకు కోపం రాదా? వెనక మన వీధుల్లో పిన్నిగారూ, అత్తయ్యగారూ, మామ్మగారూ అని పిలుచుకునేవాళ్లం, కానీ ఆ పిలుపు వెనక పక్కింటి పరిచయం ఉండేది, పైగా చివర 'గారు' ఉండేది. ఆంటీకి ఆ రెండూ లేవు. మానేయండి.

అసలు విషయం 'అమ్మ'.

ఈ మాట తమిళులకూ కన్నడిగులకూ మలయాళీలకూ కూడా సొంతమే. కన్నతల్లి అనే అర్థం ఒక్కటే దీనికి ఏనాడూ లేదు. ఆడవాళ్ల పేరు చివర చేరి మన్నన తెలిపేది ఇదే. సీత సీతమ్మ అయింది, మన సీతమ్మధార ఊరి పేరులోనూ ఉంది. అమ్మవారు అన్నప్పుడూ అంతే, బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు, అనకాపల్లిలో నూకాలమ్మ. (జగదాంబ సెంటర్ కూడా ఈ లెక్కలోదే కానీ సంధి ప్రకారం జగత్, అంబ కలిస్తే 'జగదంబ' కావాలి. ఆ దీర్ఘం ఎక్కడిదని చాలామందికి చెప్పి చూశాను. ఊరంతా అలాగే అంటోంది, నేనూ ఆటో ఎక్కితే అలాగే అంటాను.)

అమ్మ అనే మాట బలం తెలియాలంటే పోతన దగ్గరికి వెళ్లాలి. భాగవతం మొదట్లో దుర్గాస్తుతి మీకూ నోటికి వచ్చే ఉంటుంది:

అమ్మలఁ గన్న యమ్మ, ముగురమ్మల మూలపుటమ్మ, చాలఁ బె
ద్దమ్మ, సురారులమ్మ కడుపారడి పుచ్చిన యమ్మ, తన్ను లో
నమ్మిన వేల్పుటమ్మల మనమ్ముల నుండెడి యమ్మ, దుర్గ, మా
యమ్మ...

వేళ్లు మడిచి లెక్కపెట్టండి, పది అమ్మలు. వాటి మధ్యలో 'నమ్మిన', 'మనమ్ముల' అని అదే చప్పుడు మళ్లీ మళ్లీ మోగుతూ ఉంటుంది. చదువుతుంటే చిన్నపిల్లాడు కొంగు పట్టుకుని అమ్మా అమ్మా అని వెంటపడుతున్నట్టే ఉంటుంది నాకు, ఎన్నిసార్లు చదివినా. అయితే ఈ పదిమందీ ఒక్కరు కారు. లక్ష్మీ సరస్వతీ పార్వతులు అమ్మలే, దేవతాస్త్రీలందరూ అమ్మలే. 'సురారులమ్మ' ఎవరు? దేవతల శత్రువుల తల్లి, దితి. ఆవిడకు కడుపుకోత పెట్టినది ఈ దుర్గే. అయినా ఓడిపోయిన పక్షం తల్లి నుంచి కూడా అమ్మ అనే మాటను పోతన తీసేసుకోలేదు, అదే పద్యంలో, దుర్గ పక్కనే ఆవిడకూ చోటిచ్చాడు. ఇక చివరిది చూడండి. అన్నీ అయ్యాక, పదో అమ్మ దగ్గర, 'మా యమ్మ' అన్నాడు. అప్పటిదాకా ఆవిడ ఎంత గొప్పదో చెప్పాడు, 'మా' చేర్చాక చుట్టరికం కలుపుకున్నాడు. నా మటుకు నాకు ఈ పద్యమంతా ఆ ఒక్క 'మా' కోసమే రాసినట్టు ఉంటుంది.

మీ సందేహానికి జవాబు కూడా ఆ 'మా'లోనే ఉంది. 'మా అమ్మ' అంటే చుట్టరికం, ఉత్త 'అమ్మా' అంటే మన్నన. "ఏమ్మా, అన్నం తిన్నావా?" అని తండ్రి కూతురిని అడుగుతాడు కదా, అక్కడ వయసు ఎక్కడుంది? మీతో మాట్లాడినావిడ మీరు అనని 'మా'ని కూడా విన్నారు. తప్పు ఆవిడదని మాత్రం అనను, ఆ మాట ఎలాంటి నోళ్లలో నలుగుతోందో నేనూ చూశాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో కౌంటర్ ముందు నిలబడ్డాను. నా ముందు ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ 50 దాటి ఉంటాయి. మొదటావిడ చేపలమ్మే మనిషి, తట్ట గోడవార పెట్టి, తడి చేతులు చీరకు తుడుచుకుని, మడత పెట్టిన కాగితం చాపి "బాబూ, ఈ కాయితం ఓపాలి సూడండి" అన్నారు. కౌంటర్లో కుర్రాడు తల ఎత్తకుండా "ఏటమ్మా, మళ్లీ వచ్చేవా? పక్కకి నిలబడు" అన్నాడు. రెండో ఆవిడ చేతిలో హ్యాండ్‌బ్యాగ్ ఉంది. "చెప్పండి మేడమ్" అన్నాడు. మొదటావిడ 'సూడండి' అని తన అండి తాను ఇచ్చారు, అతను తిరిగి ఇవ్వలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అమ్మ అనే మాట పేదవాళ్లకీ, మేడమ్ అనే మాట ఉన్నవాళ్లకీ అని ఎవరు పంచారు?

అక్కడ అమ్మది తప్పు కాదు, 'వచ్చేవా', 'నిలబడు'లది తప్పు. 'చెప్పు'కి అమ్మా కలిస్తే చెప్పమ్మా, 'చెప్పండి'కి కలిస్తే చెప్పండమ్మా. పలకడానికి అర సెకను తేడా కూడా ఉండదు, వినేవాళ్లకు మాత్రం చాలా ఉంది. తెలుగులో మర్యాద పిలుపులో కన్నా క్రియలో ఎక్కువ ఉంటుంది. 'మేడమ్, ఇలా రా' అని చూడండి, మేడమ్ ఏమైనా కాపాడిందా?

ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులు, అంటే పురుషులను తెలిపే మాటలు, అన్నాడు వ్యాకరణం రాసిన చిన్నయసూరి. అందుకే ఏకవచనంలో రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బస్సూ వచ్చింది. బహువచనంలోనే స్త్రీకి పురుషుడితో సమానంగా 'వచ్చారు' దక్కుతుంది. షాపుల్లో గమనించండి, 'సార్ అడుగుతున్నారు' అనే నోటితోనే 'మేడమ్ అడుగుతోంది' అంటారు, అదీ ఆవిడ వింటుండగానే. ఇది నాకు ఎంత మాత్రం మింగుడుపడదు. మీరు అలా అనకండి, పక్కవాళ్లు అంటే దిద్దండి.

ఇంతకీ ఏమని పిలవాలి? పేరు తెలిస్తే పేరుకు గారు చేర్చండి, బిల్లు మీద ఉంటుంది కదా. పేరు తెలియకపోతే పిలుపే అక్కర్లేదు, "రండి, కూర్చోండి, ఏం చూపించమంటారు?" అంటే సరిపోతుంది. వెనకటి 'వినుఁడు, చూడుఁడు'లే ఇవాళ్టి వినండి, చూడండి. ఆ అండి క్రియను వదిలి బయటికి వచ్చి అవునండి, లేదండి, ఇదిగోనండి అని ఎక్కడైనా అతుక్కుంటుంది. ఆడా మగా తేడా లేదు, పెళ్లయిందా కాలేదా అన్న ఆరా లేదు. ఫోన్లో గొంతు బట్టి పోల్చుకోలేక ఆడవాళ్లను సార్ అనేస్తుంటారు, అండి వాడితే ఆ బాధ ఉండదు. 'ఏమండీ' అని మొదలుపెట్టడం మాత్రం మీ వయసుకి కొంచెం చూసుకుని చేయండి.

పెద్దవాళ్లను 'చెప్పండమ్మా' అనడానికి జంకకండి. మీ ఈడు వాళ్ల దగ్గర, 30ల్లో ఉన్నవాళ్ల దగ్గర అమ్మా లేకపోయినా నష్టం లేదు. మన వైపు అక్కను అప్ప అంటారు, అది ఇంట్లోకీ వీధిలోకీ బాగుంటుంది, కౌంటర్లో నేనైతే వాడను, మీకు సొంపుగా వస్తే కాదననూ.

మేడమ్‌ను బహిష్కరించమని చెప్పను. అది ఫ్రెంచిలో 'మా దామ్', అంటే నా దొరసాని. వెనక ఉన్నది లాటిన్ 'దొమినా', ఇంటి యజమానురాలు. ఇటాలియన్లో మేరీమాతను పిలిచే మడోన్నా కూడా అక్కడి నుంచి వచ్చిందే. అక్కడా తిరిగి తిరిగి అమ్మ దగ్గరికే చేరారు చూడండి. మీ మేనేజర్ చెప్పారు కాబట్టి మేడమ్ అనండి, కానీ తట్టతో వచ్చినావిడను కూడా మేడమ్ అనండి, అది కుదరకపోతే ఇద్దరినీ అమ్మా అనండి. 'మేడమ్‌గారు' వద్దు, రెండు మన్ననలు ఒకదాని మీద ఒకటి. అయితే వాడుకలో నిలబడిపోయేలా ఉంది, పదేళ్ల తర్వాత అడిగితే నా జవాబు మారవచ్చు.

మీరు అడగనిది ఒకటి. మీ షాపు పంపే మెసేజ్‌ల్లో 'ప్రియమైన వినియోగదారుడా' అని ఉంటే ఆ 'డా' తీయించండి. ఫ్రిజ్ కొన్నది ఆవిడ, బిల్లు ఆవిడ పేరు మీద ఉంది. 'వినియోగదారులకు' అని రాస్తే చాలు.