ఖాళీ గడిలో పక్షి లేదనుకోవచ్చా?

ప్రశ్న: బడి పిల్లలచేత గుంటూరు చుట్టుపక్కల పక్షుల పటం గీయిద్దామని పక్షులు చూసినవాళ్లు జాబితాలు పంపే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో గూడబాతు (పెలికాన్) కోసం వెతికాం. కొన్ని గళ్లు ఊదా, కొన్ని బూడిద, కొన్ని ఖాళీ. ఖాళీ గళ్లలో పక్షి లేనట్టేనా? జీవులను ఎక్కడ చూశారో నమోదు చేసే ఐనాచురలిస్ట్‌లో బావురుపిల్లి (ఫిషింగ్ క్యాట్) గుర్తు సముద్రంలో పడిందేమిటి?
– ఒక టీచరు, గుంటూరు

జవాబు: ఖాళీ గడి అంటే అక్కడి నుంచి ఎవరూ జాబితా పంపలేదని. బూడిద గడి అంటే జాబితాలు వచ్చాయిగానీ వాటిలో గూడబాతు లేదని. ఈ రెండూ ఒకటనుకుంటే పటం మొత్తం తలకిందులవుతుంది. ఊదా ముదిరితే పక్షులు ఎక్కువని కూడా కాదు, ఎక్కువ శాతం జాబితాల్లో అది కనిపించిందని. గడి మొత్తానికి ఒకే జాబితా ఉండి, అందులో గూడబాతు ఉంటే చాలు, గడి ముదురు ఊదా అయిపోతుంది. అందుకే పటాన్ని దగ్గరికి లాగి గుర్తులు ఎన్నున్నాయో చూడండి. ఎర్రవి గత 30 రోజుల్లోవి, నీలంవి పాతవి. తేదీల దగ్గర అక్టోబరు నుంచి మార్చి వరకు పెట్టి ఒకసారి, మిగతా నెలలు పెట్టి ఒకసారి చూస్తే గూడబాతులు చేరే ఉప్పలపాడు చెరువుల్లో కాలాన్నిబట్టి వచ్చే తేడా తెలుస్తుంది.

పిల్లలకు అసలు పని ఖాళీ గళ్లలోనే ఉంది. ఊరి చెరువు గట్టున 20 నిమిషాలు ఒకేచోట నిలబడి, గుర్తుపట్టిన ప్రతి పక్షినీ లెక్కపెట్టి రాయించండి. జాబితా పంపేటప్పుడు చివర్లో ‘గుర్తుపట్టినవన్నీ రాశారా?’ అని ఈబర్డ్ అడుగుతుంది. నిజంగా రాస్తేనే ‘అవును’ అనండి. నచ్చిన నాలుగు పక్షులే రాసిన జాబితా, మిగతావి లేవని చెప్పడానికి పనికిరాదు. గుర్తును చెరువు మీదే పెట్టండి, లేకపోతే గూడబాతు ఊరి నడుమ అరండల్‌పేటలో వాలుతుంది!

బావురుపిల్లి సంగతి పొరపాటు కాదు. ముప్పులో ఉన్న జీవుల అసలు చోటును ఐనాచురలిస్ట్ కావాలనే దాస్తుంది. అక్షాంశ, రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో, అంటే సుమారు 22 కిలోమీటర్ల మేరలో, ఎక్కడో ఒకచోట గుర్తు పెడుతుంది. కృష్ణా ముఖద్వారం దగ్గర ఆ గడిలో మడ అడవితోపాటు సముద్రమూ ఉంటుంది మరి. ఆ గుర్తు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లొద్దు.

కొల్లేరు దాకా వెళ్తే ఇంకో చిక్కు. ఉపగ్రహ నీటి పటాల్లో సరస్సూ నీలమే, చేపల చెరువూ నీలమే. గూగుల్ ఎర్త్‌లో అదే చోటు తెరవండి. తిన్నని గట్లతో చదరంగా కనిపిస్తే అది చేపల చెరువు. గూడబాతుకు అక్కడ చేప దొరకొచ్చుగానీ, బురదలో ఏరుకు తినే ఉల్లంకులకు కావలసిన పల్చటి నీటి అంచు ఉండదు. 1984 నుంచి ఏటేటా మారిన తీరు గూగుల్ ఎర్త్‌లోని టైమ్‌లాప్స్‌లో ఉంది. 2006లో ప్రభుత్వం కొల్లేరులోని అక్రమ చేపల చెరువుల గట్లు తెంచిన తర్వాతి ఏళ్లను పిల్లలకు ఆపి ఆపి చూపించండి.