మీ ప్రశ్నలు: బిల్ ఫ్రాన్స్, స్టాక్ కార్ రేసులు

ప్రశ్న: అమెరికాలో స్టాక్ కార్ రేసులు (మామూలు కార్ల రూపంలో ఉండే కార్ల పోటీలు) నడిపే నాస్కార్ సంస్థను స్థాపించిన బిల్ ఫ్రాన్స్ మొదట్లో డ్రైవరేనట. రేసులు నిర్వహించే పనిలోకి ఎలా వచ్చారు?

జవాబు: ఇంకెవరికీ గిట్టుబాటు కాకపోవడంతో. 1936 మార్చి 8న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో జరిగిన రేసులో ఫ్రాన్స్ అయిదో స్థానంలో నిలిచారు. చుట్టు 3.2 మైళ్లు, పోయేది తారురోడ్డు మీద, వచ్చేది సముద్రపొడ్డున. ఒడ్డున తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి తిన్నగా పోయేటప్పుడు ఇబ్బంది లేదు. చిక్కంతా రెండు మలుపుల్లోనే. అక్కడి వదులు ఇసుకలో గాళ్లు పడి కార్లు దిగబడిపోయాయి. పైగా పోటు వచ్చేలోగా ముగించాలి. నగరపాలక సంస్థకు సుమారు 22,000 డాలర్లు నష్టం. మరుసటేడు ఎల్క్స్ క్లబ్ అనే స్థానిక సంఘం చేపట్టి, అదీ చేతులు కాల్చుకుంది. 1938లో ఫ్రాన్స్ దిగారు.

ప్రశ్న: నిర్వాహకులు చాలామంది ఉండేవారు కదా, ఆయన గొప్పేమిటి?

జవాబు: నిబంధనను రాసి ఊరుకోకుండా అమలు చేయడం. అప్పట్లో ఊరికో నిబంధన. బహుమతి సొమ్ముతో ఉడాయించిన నిర్వాహకులూ ఉన్నారు. 1947 డిసెంబరులో డేటోనాలోని స్ట్రీమ్‌లైన్ హోటల్లో, ఒకే నిబంధనల కోసం, ఈ రంగంలోని వారిని కూర్చోబెట్టారు. 1948 ఫిబ్రవరి 21న నాస్కార్ రిజిస్టరైంది.

అసలు పరీక్ష 1949 జూన్ 19న, నార్త్ కరోలినాలోని షార్లట్ మట్టి ట్రాకు మీద. షోరూమ్‌లో అమ్మే కారు ఎలా ఉంటుందో అలాగే ఉండాలన్నది షరతు. గ్లెన్ డన్‌అవే ఫోర్డు ముందొచ్చింది. తనిఖీలో వెనక స్ప్రింగులు మార్చినట్టు తేలింది. దొంగసారా మోసే కార్లకు చేసే పనే అది: బరువెక్కినా వెనక భాగం కిందికి వాలదు, మలుపులో కారు పక్కకు ఒరగడం తగ్గుతుంది. గెలుపు రద్దుచేసి లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌కు ఇచ్చారు. ఆ ఫోర్డు కారు యజమాని 10,000 డాలర్లకు దావా వేస్తే కోర్టు కొట్టేసింది. నాస్కార్ నిలబడింది హోటల్లో కాదు, ఆ కోర్టులోనే అంటాం.

ప్రశ్న: తర్వాత మళ్లీ స్టీరింగు పట్టారా?

జవాబు: 1969లో, 59వ ఏట. అలబామాలోని కొత్త టాలడేగా ట్రాకు మలుపులు 33 డిగ్రీల వాలు. దాదాపు 200 మైళ్ల వేగంలో ఆ వాలు కారును కిందికి అదిమేస్తుంది. టైర్లు వేడెక్కి రబ్బరు ఊడొచ్చేది. డ్రైవర్లు మొండికేస్తే, ప్రమాదమేమీ లేదని చూపడానికి ఫ్రాన్స్ తనే 175 మైళ్ల వేగంతో తిరిగారు. ఆ వేగం వాళ్ల భయానికి జవాబు కాదు. పేరున్న డ్రైవర్లు చాలామంది వెళ్లిపోయారు. ఆయన మాత్రం మిగిలినవాళ్లతోనే రేసు జరిపించారు.