క్లిండామైసిన్ వాడాక ఆగని విరేచనాలు: సమాధానం

పంటి చీముకి క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ వాడిన వారానికి మీ అమ్మగారికి రోజుకి ఏడెనిమిది నీళ్ల విరేచనాలు, జ్వరం అన్నారు; లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మందు) ఇస్తున్నామని, స్టూల్ కల్చర్ (మలంలోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్ష) నార్మల్ వచ్చిందని కూడా రాశారు. ముందు ఆ లోపెరమైడ్ ఆపండి. విషపదార్థం బయటికి పోక పేగు ఉబ్బే ప్రమాదం ఉంది. క్లిండామైసిన్ ఇంకా నడుస్తుంటే ఆపాలా, మార్చాలా అన్నది ఈరోజే డాక్టరుతో తేల్చుకోండి.

ముందుగా అనుమానించాల్సింది, యాంటీబయాటిక్ వాడాక పేగులో పెరిగి విషం వదిలే బాక్టీరియా క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్‌ని. మామూలు స్టూల్ కల్చర్‌లో ఇది బయటపడదు, కాబట్టి మీ రిపోర్టు నార్మల్ రావడంలో వింతేం లేదు. జీడీహెచ్ (ఈ బాక్టీరియా ఎంజైమ్), టాక్సిన్ (అది వదిలే విషం) పరీక్షలు అడగండి. పల్చటి మలమే ఇవ్వాలి.

తేలితే వాంకోమైసిన్ 125 మి.గ్రా. నోటిద్వారా రోజుకి 4 సార్లు, 10 రోజులు. లేదా ఫిడాక్సోమైసిన్ 200 మి.గ్రా. రోజుకి 2 సార్లు, అన్నే రోజులు. సెలైన్‌లో ఎక్కించే వాంకోమైసిన్ పెద్దపేగులోకి చేరదు, ఈ జబ్బుకి దండగే. క్యాప్సూల్ దొరక్కపోతే ఇంజెక్షన్ పొడినే ఆస్పత్రిలో నీళ్లలో కలిపి తాగిస్తారు. మెట్రోనిడజోల్ ఇవేవీ దొరకనప్పుడు, అదీ తీవ్రత లేని కేసుల్లోనే.

రక్తంలో తెల్లకణాలు 15,000 గానీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) 1.5 గానీ దాటితే తీవ్రమైనట్టే. పొట్ట ఉబ్బి విరేచనాలు ఉన్నట్టుండి ఆగితే తగ్గిందనుకోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

శానిటైజర్‌కి ఈ బాక్టీరియా బీజాలు (స్పోర్లు) చావవు. చేతులకి సబ్బూ నీళ్లూ, బాత్రూముకి బ్లీచింగ్. తగ్గాక మళ్లీ టెస్టు అక్కర్లేదు, కోలుకున్నా కొన్నాళ్లు పాజిటివ్ రావచ్చు. కొన్ని వారాల్లో విరేచనాలు తిరగబెడితే మాత్రం చేయించాల్సిందే.