బొమ్మల డిజైనరు జీవితం రాస్తున్న చిరంజీవికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు చిత్తూరు నుంచి పంపిన రాతప్రతి ఆసాంతం చదివాను. మన ప్రాంతంలో పుట్టి, బెంగళూరులో బొమ్మల డిజైనరుగా స్థిరపడిన ఒకామె జీవితాన్ని పుస్తకంగా తేవాలన్న నీ సంకల్పం నాకు నచ్చింది. సినిమా నటుల మీద, రాజకీయ నాయకుల మీద మనకు కావలసినన్ని జీవిత చరిత్రలు ఉన్నాయి గానీ, పసిపిల్లల చేతికి వస్తువును రూపొందించి ఇచ్చే మనిషి రోజంతా ఏ పని చేస్తుందో వివరంగా చెప్పిన తెలుగు పుస్తకం నా కంటపడలేదు. అయితే నీ ప్రతిలో ఆమె బాల్యానికి నలభై పేజీలు, వృత్తికి పన్నెండు పేజీలు దక్కాయి. ఈ నిష్పత్తి తలకిందులు కావాలి.

దసరా కొలువులో అమ్మమ్మ నిలబెట్టిన ఎర్రచందనం బొమ్మల జంటను, గోవిందరాజస్వామి గుడి దగ్గర ఏడ్చి కొనిపించుకున్న లక్కపిడతలను నువ్వు ముచ్చటగానే వర్ణించావు. (కోస్తా వాళ్లు చదివితే కొలువు సంక్రాంతికి కదా అంటారు, మన వైపు అది దసరా పండుగ అని ఒక మాట చేర్చు.) కానీ ఇక్కడ పెరిగిన ఆడపిల్లల్లో చాలామందికి ఈ జ్ఞాపకాలు ఉంటాయి, వాళ్లెవరూ బొమ్మల డిజైనర్లు కాలేదు. ఆమె ఎందుకు అయ్యారో ఆ నలభై పేజీల్లో నాకు దొరకలేదు. ఆ సమాధానం ఆమె చేసిన బొమ్మల్లో ఉంటుంది కనుక, మళ్లీ కలిసినప్పుడు చిన్ననాటి సంగతులు అడగకుండా ఒక బొమ్మను బల్ల మీద పెట్టి, దాని ఎత్తు ఇంతే ఎందుకు, అంచు ఇలా ఎందుకు తిరిగింది, దీనికి ముందు పక్కన పెట్టేసిన నమూనాలు ఎలా ఉండేవి అని అడుగు.

ఇలా అడిగితే ఎంత బయటపడుతుందో హాన్స్ బెక్ సంగతి చూస్తే తెలుస్తుంది. జర్మనీకి చెందిన ఈయన చెక్క సామాను చేసే వడ్రంగంలో శిక్షణ పొంది, ఆ తరువాత బొమ్మల కంపెనీలో చేరి ప్లేమొబిల్ అనే చిన్న ప్లాస్టిక్ మనిషి బొమ్మకు రూపమిచ్చాడు. ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు పిల్లల పిడికిలికి సరిపోవడానికి పెట్టినది; ముక్కు లేకపోవడం, తల పెద్దదిగా ఉండడం పిల్లలు స్వయంగా గీసే మనిషి బొమ్మల నుంచి తీసుకున్నవి. యాజమాన్యానికి మొదట్లో ఈ చిన్న బొమ్మ మీద పెద్ద ఆసక్తి లేదు. 1973 చమురు సంక్షోభంలో ప్లాస్టిక్ ధర పెరగడంతో, తక్కువ సరుకుతో తయారయ్యే వస్తువు కావలసి వచ్చి, 1974లో దాన్ని మార్కెట్లోకి తెచ్చారు. ఆయన ప్రతిభతో పాటు ఎక్కడో పెరిగిన చమురు ధర కూడా ఆ వృత్తి జీవితాన్ని మలుపు తిప్పింది. నీ పుస్తకంలో ఆమె విజయాలన్నిటికీ పట్టుదల ఒక్కటే కారణంగా కనిపిస్తోంది. ముడిసరుకు ధర, కొనుగోలుదారు షరతు, అచ్చు తయారీ ఖర్చు ఏ బొమ్మను నిలబెట్టాయో, దేన్ని ఆపేశాయో కూడా తెలుసుకో.

అదే 1974లో బుడాపెస్టులో వాస్తుశిల్పం బోధించే ఎర్నో రూబిక్ తన రంగుల ఘనం (రూబిక్స్ క్యూబ్) మొదటి నమూనాను చెక్కతో చేశాడు. ఆయన పేరు ఆ వస్తువుకే పేరుగా నిలిచింది. బెక్ పేరు మాత్రం ఆ బొమ్మలతో ఆడుకున్న వాళ్లలో ఎక్కువమందికి తెలియదు. జీతానికి పనిచేసే డిజైనర్లలో చాలామందిది ఈ రెండో స్థితే, నీ కథానాయికదీ అంతే. ఆమె బొమ్మకు నకళ్లు వచ్చాయని ఆవేదనతో రాశావు గానీ, ఆ డిజైను ఎవరి పేర రిజిస్టరు అయిందో రాయలేదు. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, పొడిగించుకుంటే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. నమోదు చేయదగిన డిజైనును చేయించకుండా వదిలేసి, ఆ వస్తువును యాభైకి మించి తయారుచేస్తే దాని మీద కాపీరైటు కూడా మిగలదు. ప్రతిఫలం తీసుకుని ఇంకొకరి కోసం చేసిన డిజైనుకు సాధారణంగా హక్కుదారు చేయించుకున్నవారే. ఆమె ఏ కాగితం మీద సంతకం పెట్టారో తెలియకుండా ఆ అధ్యాయం రాయడం సాధ్యం కాదు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నిలిపేసిన వాక్యం, "2021లో ఆమె కొన్ని ఇబ్బందులు ఎదుర్కొన్నారు" అన్నది. అసలు కథను ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ ఏడాది జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుతో దేశంలో అమ్మే బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి అయింది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించే ప్రయోగశాలలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. పసిపిల్ల గొంతుకు బదులుగా పెట్టుకున్న కొలత అది. బొమ్మను కింద పడేసి, భాగాలను పట్టి లాగి చూసినప్పుడు ఊడిన ఏ ముక్క అయినా ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడితే బొమ్మ తప్పినట్టే. హస్తకళల కమిషనరు వద్ద నమోదైన చేతిపనివారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. కనుక ఒకే రకం చెక్క గిలక్కాయ నమోదైన కళాకారుడి చేతి నుంచి వస్తే ఒక దారి, ఈమె పనిచేసే కర్మాగారం నుంచి వస్తే ఇంకో దారి అయింది. ఆమె బొమ్మ ఏ పరీక్షలో ఆగింది, దేన్ని మార్చారు, మార్చాక పిల్లలు దాన్ని మునుపటిలాగే ఇష్టపడ్డారా? ఈ ప్రశ్నలకు జవాబులు వస్తే నీకు ఇరవై పేజీలు అక్కడే సిద్ధమవుతాయి.

ఏర్పేడు దగ్గరి మాధవమాల శిల్పులతో ఆమె కలిసి పనిచేసిన భాగానికి నువ్వు పెట్టిన 'వెలుగు పంచిన చేతులు' అన్న శీర్షిక తీసేయి. దేవతామూర్తులను చెక్కడంలో పేరున్న ఊరు అది. వాళ్ల ఉలికి ఆమె పని నేర్పలేదు. ఆమె తీసుకెళ్లినది పసివాళ్లు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఉండవలసిన జాగ్రత్తలు, నేర్చుకుని వచ్చినది చెక్క స్వభావం. లక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాకలో సి.వి. రాజు కృషిని కూడా ఇలాగే చూడాలి. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క పూసే నేర్పు మాత్రం అక్కడి పనివారిది, మొక్కల నుంచి తీసిన సహజ రంగులను వాళ్లతో కలిసి ఆయన ముందుకు తెచ్చారు. ఎవరి వాటా ఎంతో తేల్చి రాస్తే నీ కథానాయిక గౌరవం తగ్గదు.

మరొక పని కూడా చెయ్యి. ఆమె కొత్త నమూనాను పిల్లల మధ్య పెట్టి పరిశీలించే రోజున వెంట వెళ్లు. ఏమీ అడగకు, ఆమె దేన్ని గమనించి తన నోటుపుస్తకంలో రాసుకుంటున్నారో చూడు. డిజైనరు అనుకున్న పద్ధతిలో పిల్లలు ఆడకపోవచ్చు, బండిని తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ కూర్చోవచ్చు. అప్పుడు ఆమె బొమ్మను మారుస్తారా, తన ఉద్దేశాన్ని మారుస్తారా అన్నది నువ్వు కళ్లారా చూసి రాయవలసిన విషయం.

2021 అధ్యాయాన్ని ముందుగా తిరగరాసి పంపు. పరీక్ష నివేదిక నకలు ఆమె ఇస్తే జతచెయ్యి. ఇవ్వడానికి ఇష్టపడకపోతే, కారణం ఏం చెప్పారో ఆమె మాటల్లోనే రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి